పాస్‌వర్డ్ తీసేసింది నేనే

మండపేటలో మిల్లుల వైపు వెళ్లే రోడ్డు మీద, మందుల షాపు పై అంతస్తులో మా ల్యాబ్ ఉంది. పందొమ్మిదేళ్లుగా అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని రిపోర్టులు టైపు చేస్తున్నాను. రక్తం తీసేది నేను కాదు, పరీక్ష చేసేదీ నేను కాదు. పేరు, వయసు, ఏ డాక్టరు పంపారు, ఏ పరీక్ష, ఎంత వచ్చింది, ఎంత ఉండాలి. ఇంతవరకే నా పని అని చేరిన రోజు చెప్పారు. కానీ ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే నేనే, ఇన్వర్టర్ మొరాయిస్తే మెకానిక్‌కి ఫోన్ చేసేది నేనే, కెమెరా కనిపించకపోతే కుర్చీ ఎక్కి వైరు కదిపేదీ నేనే. డిగ్రీ అయ్యాక ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశానని మా డాక్టరమ్మకి ఎప్పుడో నోరు జారి చెప్పాను. ఆ ఆరు నెలల చదువు నన్ను ఇంకా వదల్లేదు.

ల్యాబ్ డాక్టరమ్మదే. ఆవిడ పాథాలజీ చదివారు. ఆవిడ కాకుండా మేమిద్దరం: నేను, రక్తం తీసి పరీక్షలు చేసే టెక్నీషియన్. అతను నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. పదకొండేళ్లు ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకున్నాం.

రెండేళ్ల కిందట హాల్లో కూర్చునే జనం వైఫై ఉందా అని అడగడం మొదలుపెట్టారు. రిపోర్టు రావడానికి రెండు గంటలు పడుతుంది. మిల్లు పనివాళ్లు, ట్రాక్టర్ డ్రైవర్లు, పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు, అందరి చేతుల్లో ఫోన్లే. మేడ మీద సిగ్నల్ సరిగా రాదు. డాక్టరమ్మ విసిగిపోయి ఒక వైఫై పెట్టె తెప్పించారు. షాపు మనిషి వచ్చి దాన్ని హాల్లో గోడకి బిగించి, వైరు లాగి, మా కంప్యూటర్లు కలిసే చోటే దాన్నీ కలిపేసి వెళ్లిపోయాడు. మిగతాది నన్ను చూసుకోమన్నాడు.

మిగతాది అంటే సెట్టింగులు. పెట్టె వెంట వచ్చిన చిన్న పుస్తకం చూసి నేనే చేశాను. కంప్యూటర్లో దాని పేజీ తెరిచి, వైఫైకి ల్యాబ్ పేరు పెట్టి, సెక్యూరిటీ అన్నచోట పుస్తకంలో చెప్పినట్టే డబ్ల్యూపీఏ టూ ఎంచుకుని, మంచి పాస్‌వర్డ్ కూడా పెట్టాను. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, మధ్యలో ఒక గుర్తు. ఆ రోజు నా పని నాకే ముచ్చటేసింది.

ఆ ముచ్చట నెల రోజులు కూడా లేదు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కౌంటర్ అద్దానికి అంటించినా సరే, ప్రతి మనిషీ వచ్చి అడిగేవాడు. "అది సున్నానా అండి, ఓ నా?" "పెద్ద ఎస్ అంటే ఎక్కడ నొక్కాలండి?" "నా ఫోన్లో ఆ గుర్తు లేదండి, కాస్త మీరే కొట్టి పెడుదురూ." అరవై ఏళ్లాయన ఫోన్ నా చేతికిచ్చేసి ఎదురుగా నిలబడేవాడు. నేను కొట్టి ఇచ్చి, మళ్లీ రిపోర్టులోకి వచ్చేసరికి హిమోగ్లోబిన్ దగ్గర ఉన్నానో, ప్లేట్‌లెట్ల దగ్గర ఉన్నానో మర్చిపోయేదాన్ని. ఒకసారి ఒకరి అంకె ఇంకొకరి కాగితంలో వేసి, ప్రింటు తీసే ముందు చూసుకుని బతికిపోయాను.

వానాకాలం వచ్చింది. జ్వరాలు మొదలయ్యాయి. మెట్ల మీద కూడా జనం. ఒకరోజు పొద్దున్న పదకొండు గంటలకే నా మెడ పట్టేసింది, మోకాళ్లు లాగేస్తున్నాయి, నలభయ్యో మనిషి వచ్చి ఫోన్ చాపాడు. ఆయన ఫోన్ ఆయనకి ఇచ్చేసి, వైఫై పేజీ తెరిచి, సెక్యూరిటీ అన్నచోట 'ఓపెన్' అని మార్చి సేవ్ నొక్కాను. నిజంగా అంతేనా అన్నట్టు ఒక హెచ్చరిక వచ్చింది. చదవలేదు. ఓకే కొట్టాను. అద్దం మీద కాగితం చింపి చెత్తబుట్టలో వేశాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఒళ్లు తేలికగా ఉంది. దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నేను టైపు చేసిన రిపోర్టు లోపలి గదిలో డాక్టరమ్మ కంప్యూటర్లో కనిపించాలి. అందుకని నా కంప్యూటర్లో రిపోర్టుల ఫోల్డరు మిగతా కంప్యూటర్లకి కనబడేలా ఎప్పుడో పెట్టి ఉంచాను. దానికీ పాస్‌వర్డ్ లేదు. ఉన్నది మేం ముగ్గురమే కదా అనుకున్నాను. ఆవిడ అందులో చూసి సరే అంటే నేను ల్యాబ్ పేరున్న కాగితం మీద ప్రింటు తీస్తాను, ఆవిడ పెన్నుతో సంతకం పెడతారు. అప్పుడు అది రోగి చేతికి వెళుతుంది.

వైఫై తెరిచేసి ఏడు నెలలైంది. ఒక సోమవారం పొద్దున్న, ల్యాబ్ తలుపులు తీస్తుండగానే ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. ఆవిడని నాకు తెలుసు. కాలవ గట్టు వీధిలో చేపలు అమ్ముతుంది. నా వయసే ఉంటుంది. వాళ్లది సముద్రం పక్క ఊరు, పెళ్లయి ఇటు వచ్చింది. తెల్లవారుజామునే చెరువుల దగ్గర నుంచి ఆటోలో సరుకు తెచ్చుకుని, సత్తు బేసిన్ ముందు కత్తిపీట వేసుకుని కూర్చుంటుంది. పదిహేను రోజుల కిందట పిత్తాశయంలో రాళ్లున్నాయని రాజమండ్రిలో ఆపరేషన్ చెప్తే, దానికి ముందు చేయించాల్సిన పరీక్షలన్నీ మా దగ్గరే చేయించుకుంది. అందులో హెపటైటిస్ బి ఉన్నట్టు వచ్చింది. డాక్టరమ్మ ఆవిడని లోపల కూర్చోబెట్టుకుని అరగంట మాట్లాడడం నేను చూశాను.

ఆవిడ కౌంటర్ ముందు నిలబడి కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా కాయితం ఎవరికి చూపించారండి?" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏ కాగితమమ్మా?"

"నా రక్తం కాయితమండి. మా వీధంతా చూశారండి. మీకు నేనేం చేశానండి?"

మా దగ్గర అలాంటివి జరగవన్నాను. గట్టిగానే అన్నాను. పందొమ్మిదేళ్లలో ఎవరి ఇంట్లో ఎవరికి ఏముందో ఊరందరికంటే నాకే ఎక్కువ తెలుసు, ఒక్క మాట నా నోటి నుంచి బయటికి పోలేదు. నాకు కోపం వచ్చింది. "మీరే ఎవరికో చూపించి ఉంటారు, గుర్తు తెచ్చుకోండి," అన్నాను.

ఆవిడ వాదించలేదు. రవికలోంచి ఫోన్ తీసి, ఒక ఫోటో తెరిచి, అద్దం కింద నుంచి నా వైపు తోసింది. వాళ్ల వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫోటో. ఆవిడ పేరు, వయసు, ఆ పరీక్ష, దాని ఎదురుగా నేను టైపు చేసిన పాజిటివ్ అన్న మాట. కింద ఎవరో "చేపలు కొనేవాళ్లు చూసుకోండి" అని రాశారు.

"నాలుగు రోజులైందండి. ఒక్క చేప అమ్ముడవలేదు. ఎదురింటావిడ నన్ను చూసి పిల్లని లోపలికి లాక్కుపోయిందండి," అంది. ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఇంక ఓపిక లేని మొహం అది.

డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చారు. నేను ఫోటో చూస్తూనే ఒకటి గమనించాను. పైన ల్యాబ్ పేరు లేదు, కింద సంతకం లేదు. అంటే ప్రింటు తీసిన కాగితం కాదు. ఆ ఫోటోని నా ఫోన్‌కి పంపించుకున్నాను. చేపలావిడని, కనుక్కుని చెబుతామని పంపించేశాక, "ఇది మన కంప్యూటర్లోంచే వెళ్లింది మేడమ్," అని పైకి అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. కంప్యూటర్ దగ్గరికి వచ్చేది మేం ముగ్గురమే. నేను కాదు, డాక్టరమ్మ కాదు. టెక్నీషియన్ ఇల్లు కాలవ గట్టుకి రెండు వీధుల అవతల. డాక్టరమ్మ అతని వైపు చూశారు. ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు, "ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు బాబూ," అన్నారు, అంతే.

అతను చేతికి ఉన్న గ్లవ్స్ నెమ్మదిగా తీశాడు. నా వైపు తిరిగి, "అక్కా, మీరు కూడా అలాగే అనుకుంటున్నారా?" అన్నాడు.

లేదు అనాలి. వెంటనే అనాలి. నేను "అది కాదు తమ్ముడూ" అని ఏదో గొణిగాను. అతను చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. మర్నాడు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. డాక్టరమ్మే రక్తం తీశారు, నేను గొట్టాలకి పేర్లు అంటించాను. మధ్యాహ్నం ఆ బల్ల మీద ఒక్కదాన్నే కూర్చుని తినబుద్ధి కాక క్యారేజీ మూసేశాను.

బుధవారం మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆ ఫోటోని మళ్లీ తీసి చూశాను. అప్పటిదాకా మధ్యలో ఉన్న అక్షరాలనే చూశాను, అంచులు చూడలేదు. పైన అంచులో సన్నగా టైము, బ్యాటరీ గుర్తు, వైఫై గుర్తు. కంప్యూటర్ తెరని తీసిన ఫోటో కాదది. ఆ రిపోర్టు ఎవరి ఫోన్లోనో తెరుచుకుంది. మా కంప్యూటర్లోని రిపోర్టు ఫోన్లోకి ఎలా వచ్చింది?

నేను లేచి హాల్లోకి వెళ్లి, రోగులు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నా ఫోన్ మా వైఫైకే కలిసి ఉంది. ఫోన్లో ఫైళ్లు చూసుకునే యాప్ తెరిచాను. మామూలుగా దాంట్లో ఫోటోలు, వీడియోలు తప్ప నేనేమీ చూడను. కింద నెట్‌వర్క్ అని ఒకటి ఉంది. నొక్కాను. కాసేపు తిరిగింది. నా కంప్యూటర్ పేరు వచ్చింది. దాన్ని నొక్కితే రిపోర్ట్స్ అని ఫోల్డరు. అదీ నొక్కాను. పాస్‌వర్డ్ అడగలేదు. ఎవరు నువ్వు అనలేదు. పేర్లు వరసగా దిగుతూనే ఉన్నాయి. మా బంధువుల పేర్లు, మా వీధివాళ్ల పేర్లు, పెళ్లి కాని అమ్మాయిల గర్భ పరీక్షలు, మా పక్కింటాయన కిడ్నీ రిపోర్టు. నా పేరు కూడా ఉంది. ఏడు నెలలుగా ఆ కుర్చీల్లో కూర్చున్న ఎవరైనా, వేలు పెట్టి తోస్తే చాలు.

లేచి గోడ దగ్గరికి వెళ్లి, ఆ పెట్టె వైరు పీకేశాను. హాల్లో ఒకాయన "వైఫై పోయిందండి," అన్నాడు. పోయిందండి అని లోపలికి వచ్చేశాను.

డాక్టరమ్మ మైక్రోస్కోప్ ముందు ఉన్నారు. తలుపు వేసి నిలబడ్డాను. "మేడమ్, తమ్ముడు ఏమీ చెయ్యలేదు. వైఫైకి పాస్‌వర్డ్ తీసేసింది నేనే," అన్నాను.

ముందు ఆవిడకి బోధపడలేదు. నా ఫోన్ చేతికిచ్చి, ఎలా తెరుచుకుంటుందో చెప్పాను. వైరు పీకేశానని కూడా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎప్పటి నుంచి?"

"వానల్లోనండి. ఏడు నెలలు."

"ఎందుకు తీశారు?"

అలసిపోయానని చెప్పడానికి సిగ్గేసింది. కానీ చెప్పడానికి ఇంకేమీ లేదు. "ఒక్కొక్కరికీ చెప్పలేకపోయాను మేడమ్," అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఎవరెవరివి చూశారో తెలుసుకునే వీలుందా?" అని అడిగారు. లేదన్నాను. నిజంగానే లేదు. ఆ పెట్టె ఎవరు వచ్చి పోయారో గుర్తుపెట్టుకునేలా నేను పెట్టలేదు. "అయితే ఇక బయటపడిన ఒక్కదానికైనా జవాబు చెప్పుకుందాం. ముందు ఆ వైఫై సరిచెయ్యండి," అన్నారు. టెక్నీషియన్‌కి ఫోన్ నేను చేస్తానని, ఆవిడే బయటికి వెళ్లారు.

సాయంత్రం నాలుగింటికి కూర్చున్నాను. పెట్టె అమ్మిన షాపు మనిషికి ఫోన్ చేస్తే, "అవన్నీ మొదటి రోజే చెయ్యాలి కదండీ," అన్నాడు. చెయ్యాలండి అన్నాను.

పెట్టెని కంప్యూటర్‌కి కలిపి దాని పేజీ తెరిచాను. లోపలికి వెళ్లడానికి అడిగిన పేరు, పాస్‌వర్డ్ రెండూ పెట్టె అడుగున అంటించిన చీటీలోవే, ఫ్యాక్టరీలో పెట్టినవే. ఆ రకం పెట్టెలన్నిటికీ అవే ఉంటాయి. కుర్చీలో కూర్చున్నవాడు కావాలంటే మా వైఫై పేజీలోకే వచ్చి అన్నీ మార్చి పోగలిగేవాడు. ముందు దాన్ని మార్చాను. తర్వాత పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్ పాతదైపోయిందని ఎర్ర అక్షరాల్లో చెబుతుంటే, కొత్తది ఎక్కించాను. అది ఎక్కేదాకా పావుగంట చేతులు కట్టుకుని కూర్చున్నాను.

సెక్యూరిటీ దగ్గరికి వచ్చాను. ఓపెన్, డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ టూ, త్రీ అని వరస. ఈసారి ఒక్కొక్కటీ ఏంటో చదివాను. ఓపెన్ అంటే మన ఫోన్ పెట్టెతో చెప్పుకునే ప్రతి మాటా గాల్లో ఉన్నదున్నట్టు పోతుంది, పక్కనున్నవాడు వినాలనుకుంటే వినొచ్చు. మిగతావాటిలో ఆ మాటని కలగాపులగం చేసి పంపుతారు, తాళంచెవి ఉన్నవాళ్లకే అది తిరిగి మాటవుతుంది. దీన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. వాటిలో మొదటి రెండూ పాతబడిపోయాయి, వాటిని ఇప్పుడు తేలిగ్గా విప్పేస్తారట. అన్నిటికంటే కొత్తదైన మూడో రకం ఒక్కటే పెడదామంటే మా రక్తకణాలు లెక్కపెట్టే మెషీన్‌కి అది తెలియదు, కలవలేదు. చివరికి రెండూ మూడూ కలిసి ఉన్నది ఎంచుకున్నాను. బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండానే కలిపేసే సౌకర్యం ఒకటి ఉంటే తీసేశాను.

అప్పుడు కనిపించింది ఇంకో వరస. గెస్ట్ నెట్‌వర్క్. వచ్చిపోయేవాళ్లకి వేరే వైఫై. దానికి పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు, దాంట్లో ఉన్నవాళ్లకి ఇంటర్నెట్ తప్ప మా కంప్యూటర్లు కనిపించవు, ఒకరి ఫోన్ ఇంకొకరికి కూడా కనిపించదు. ఒక టిక్కు పెట్టాలి. ఒక్క టిక్కు. మొదటి రోజే ఆ చిన్న పుస్తకంలో ఇంకో రెండు పేజీలు తిప్పి ఉంటే నాకు ఇది దొరికేది. ఓపెన్ అని పెట్టాల్సిన పనే ఉండేది కాదు. ఆ టిక్కు పెట్టి, దానికో పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టాను.

ఆఖరుకి రిపోర్టుల ఫోల్డరుకి కూడా పాస్‌వర్డ్ పెట్టి, హాల్లోకి వెళ్లి అన్ని కుర్చీల్లోనూ కూర్చుని నా ఫోన్లో చూశాను. ఏమీ కనిపించలేదు. ఎందుకైనా మంచిదని మెట్ల మీదికి కూడా వెళ్లి చూశాను.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్లే ముందు కాలవ గట్టు వీధికి వెళ్లాను. ఆవిడ బేసిన్ ముందే కూర్చుని ఉంది. నాలుగు బొచ్చె చేపలు, కాసిని చిన్నవి, వాటి మీద తడిపిన గోనె. ఎదురుగా ఎవరూ లేరు. నేను పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. వైఫై అంటే ఆవిడకి తెలుసు. ఫోల్డరు అంటే తెలియలేదు, బీరువా అని చెప్పాను. బీరువాకి తాళం వెయ్యలేదు, హాలు తలుపూ తీసి పెట్టాను అన్నాను.

ఆవిడ ఈగలు తోలుకుంటూ విన్నది. "అయితే మీరేనండి," అంది.

"ఆయ్, నేనేనండి."

"ఆ ఫోటో ఇప్పుడు తీసెయ్యగలరాండి అందరి ఫోన్లలోంచి?"

"తియ్యలేనండి."

"మరి చెప్పడానికి వచ్చారా?"

కేసు పెడతానంటే డాక్టరమ్మ సంతకం పెడతారని చెప్పాను. నిజానికి ఆ సంగతి డాక్టరమ్మని అడగనే లేదు, కానీ నేను పెట్టిద్దును. ఆవిడ తల అడ్డంగా ఊపింది. స్టేషన్ చుట్టూ తిరిగితే చేపలు ఎవరు అమ్ముతారంది. ఫోటో పెట్టింది ఎవరో కూడా చెప్పింది. అదే వీధిలో, ఒక మిల్లులో లెక్కలు రాసే మనిషి. వాళ్లమ్మకి షుగరు. నెలనెలా మా దగ్గరికే వస్తారు.

"అతనితో నేను పోట్లాడనండి. పక్కపక్కనే బతకాలి. మీ డాక్టరమ్మగారిని ఒక్కసారి మా వీధిలోకి తీసుకురండి. చేపలు కొంటే ఏమీ అవదని ఆవిడ నోటితో చెప్పమనండి. నేను చెబితే నమ్మరు కదండీ."

డాక్టరమ్మ రెండు రోజులు ఆలోచించారు. వీధిలో నిలబడి మాట్లాడితే ఇంకా నలుగురికి తెలుస్తుందేమో అన్నారు. తెలియాల్సినవాళ్లందరికీ తెలిసిపోయింది మేడమ్ అన్నాను. శనివారం పొద్దున్న ఏడింటికి ఆవిడ కారులో వచ్చి, బేసిన్ పక్కన నిలబడి, గుమిగూడిన ఆడవాళ్లకి చెప్పారు. ఇది చేత్తో ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, ఆవిడ కోసిన చేప కడిగి వండుకుంటే రాదు.

ఒకావిడ అడిగింది. "కత్తిపీట మీద వేలు తెగుతుంది కదండీ. ఆ రక్తం చేప మీద పడితేనో?"

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు, వండే వేడికి ఏదీ బతకదని, అంతగా భయముంటే టీకా ఉందని. కానీ ఆ టీకా అన్న మాటతోనే, అయితే ప్రమాదం ఉన్నట్టే కదా అని వాళ్ల మొహాలు మారిపోవడం నేను చూశాను. డాక్టరమ్మ రెండు చేపలు తీసుకున్నారు. నేనొకటి. వీధిలోవాళ్లు ముగ్గురు కొన్నారు. ఆదివారం ఒక్కరు. సోమవారం ఎవరూ రాలేదట. ఆవిడ బేసిన్ ఎత్తుకుని ఆటోలో రావులపాలెం వైపు ఊళ్లకి వెళ్లడం మొదలుపెట్టింది. తనెవరో తెలియని ఊళ్లకి. ఇంకా ఆపరేషన్ కాని కడుపుతో.

టెక్నీషియన్ వారం తర్వాత వచ్చాడు. డాక్టరమ్మ వాళ్లింటికి వెళ్లి క్షమించమన్నారట. నేనూ అడిగాను. "పోనివ్వండి అక్కా," అన్నాడు. కానీ ఆ తర్వాత క్యారేజీ తెచ్చుకోవడం మానేశాడు. ఇల్లు దగ్గరే కదా, వెళ్లి తిని వస్తానన్నాడు. ఇప్పటికీ వెళ్లి తినే వస్తాడు.

మిల్లులో లెక్కలు రాసే మనిషి ఆ నెల వాళ్లమ్మని తీసుకుని మామూలుగానే వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, నుదుట విబూది, చేతిలో వాళ్లమ్మ చెప్పుల సంచి. ఆవిడని కూర్చోబెట్టి, కౌంటర్ దగ్గరికి వచ్చి, "వైఫైకి పాస్‌వర్డ్ పెట్టినట్టున్నారు, కాస్త చెప్తారాండి?" అన్నాడు.

అతని కోసం మనసులో ఎన్ని మాటలు దాచుకున్నానో. తీరా అతను ఎదురుగా నిలబడేసరికి ఒక్కటే వచ్చింది. "ఆవిడ కాగితం ఎందుకు తీశారండి?" అని అడిగాను.

అతను దబాయించలేదు, కాదని కూడా అనలేదు. "వెతికి తియ్యలేదండి. మా అమ్మ పాత రిపోర్టు ఫోన్లో ఎక్కడ పెట్టానో చూసుకుంటుంటే అది వచ్చింది. మా వీధి ఆవిడ పేరు కనిపిస్తే తెరిచాను. మా ఇంట్లో చిన్నపిల్లలున్నారండి, అందరం అక్కడే కొంటాం. తెలిసి చెప్పకుండా ఎలా ఉంటామండి?" కాస్త ఆగి, గొంతు తగ్గించి, "మీరు తెరిచి పెడితేనే కదండీ నేను చూసింది," అన్నాడు.

ఆవిడకి కడుపు నిండేది ఆ బేసిన్ వల్లేనండి, అన్నాను. అతను తల దించుకుని, "అంత దూరం వెళుతుందనుకోలేదండి," అన్నాడు. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ తప్పు చేశారో తేల్చే ఓపిక నాకు లేదు. గెస్ట్ పాస్‌వర్డ్ రాసి ఉన్న చీటీ ఇచ్చాను. ప్రతి సోమవారం దాన్ని మారుస్తున్నాను. అతను చీటీ చూసుకుంటూ వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు. గ్రూపులో ఆ ఫోటో తీసేశాడని తర్వాత విన్నాను. అప్పటికి దాని వల్ల ఏ ప్రయోజనమూ లేదు.

చేపలావిడకి ఆపరేషన్ అయింది. ఆర్నెల్ల తర్వాత, వానలు పట్టుకున్న రోజుల్లో, మళ్లీ మా మెట్లెక్కి వచ్చింది. ఒళ్లు తగ్గింది. వైరస్ ఎంత ఉందో మళ్లీ చూపించుకోమన్నారట. ఊళ్లో ఇంకా రెండు ల్యాబ్‌లు ఉన్నాయి. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే తనే అంది.

"అక్కడ తాళం వేశారో లేదో నాకేం తెలుసండి. మీరు వేశారని తెలుసు."

అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో నాకు తెలియలేదు. అడగలేదు. రావులపాలెం వైపు బేరాలు ఎలా ఉన్నాయన్నాను. పర్వాలేదంది. తన వీధిలో కూడా ఇద్దరు ముగ్గురు మళ్లీ అడుగుతున్నారు కానీ తనకే కూర్చోబుద్ధి కావడం లేదంది. పేరు టైపు చేసేటప్పుడు అద్దం మీదికి వంగి తెర వైపు చూసింది. నేను తెరని ఆవిడ వైపు తిప్పి, ఎక్కడ దాస్తున్నానో, తెరవాలంటే పాస్‌వర్డ్ ఎలా అడుగుతుందో చూపించాను. ఆ ఇంగ్లీషు ఆవిడకి చదవడం రాదు కానీ చివరిదాకా చూసింది. టెక్నీషియన్ లోపల నుంచి పిలిచాడు. చీర కొంగుతో మొహం తుడుచుకుని, చెయ్యి చాపుకుంటూ లోపలికి వెళ్లింది.